పదిహేడో ఫొటో

అరుంధతి మేడం కోపం గురించి పోయిన వారం చదివినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. శుక్రవారం సైకాలజీ డిపార్టుమెంటు సెమినార్ హాల్లో అమల తన థీసిస్ గురించి మాట్లాడింది. ఐదేళ్ల కష్టం అది. మనుషుల మొహాల్లో భావాలు చదవడంలో ఒక తావుకీ ఇంకో తావుకీ, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ తేడా ఉంటుందా అన్నది ఆమె ప్రశ్న. నాలుగో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి గైడు అరుంధతి లేచి నిలబడి పదిమంది ముందు కడిగేసింది. ఫొటో చూసి, కాగితం మీదున్న కోపం, దుఃఖం లాంటి ఏడు మాటల్లోంచి ఒకటి ఎంచుకోవాలన్నది పరీక్ష నియమం. ముప్పై మంది పెద్దవాళ్లు ఏ మాటా ఎంచుకోలేదు. ఆ ఫొటోలో మనిషికి ఏం జరిగి ఉంటుందో కథలు చెప్పారు. అమల ఆ కథలన్నీ నోటుబుక్కుల్లో రాసుకుని, ఇవే అసలైన జవాబులంటూ గైడుకు చూపించకుండానే ఒక అధ్యాయం రాసేసింది.

"ఇది పరిశోధన కాదు, పక్కింటి కబుర్లు. ముందు ఆ నోటుబుక్కులు తీసుకెళ్లి పాత పేపర్లవాడికి వేసి రా" అంది అరుంధతి.

అప్పుడు అమల నవ్వింది.

అంతే. అరుంధతి పెన్నుకు మూత పెట్టి, "నీకు గైడు అక్కర్లేదు" అని బయటికి నడిచింది. సోమవారం సాయంత్రం ఐదులోపల థీసిస్ మీద ఆమె సంతకం పడాలి. ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు కూడా ఆ సోమవారమే. ఆ గడువు దాటితే ఆమె సంతకం చెల్లదు. అమల ఇంకో గైడును వెతుక్కుని, మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడాలి.

ఇవాళ ఆదివారం.

తార్నాకలో రెండో అంతస్తు ఫ్లాటు. వంటింటి గట్టు దగ్గర అరుంధతి భర్త కొండలరావు పప్పులోకి మామిడికాయ ముక్కలు కోస్తున్నాడు. రైల్వేలో రిటైరయ్యాక కత్తిపీట బాధ్యత ఆయనే తీసుకున్నాడు. అరుంధతి ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తోంది. పేజీ తిప్పి ఇరవై నిమిషాలైంది.

"సంతకం పెట్టనంటావు" అన్నాడాయన.

"పెట్టను."

"నవ్విందని."

"అది నవ్వు కాదండీ, ధిక్కారం. ముప్పై నాలుగేళ్లు మొహాలే చదివాను. నాకు తెలీదూ?"

కొండలరావు కత్తిపీట పక్కకు వాల్చి ఆమె వైపు తిరిగాడు. "అయితే నా మొహం చదువు, చూద్దాం."

అరుంధతి కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా చూసింది. "ఆకలేస్తోంది మీకు."

"కాఫీలో పంచదార వెయ్యలేదు నువ్వు. అరగంట నుంచి చెబుదామా వద్దా అని ఆలోచిస్తున్నాను" అన్నాడాయన. ఇంకా ఏదో చెప్పబోయి, ఎందుకో ఆగి, మళ్లీ మామిడికాయ అందుకున్నాడు. ఆ ఆగడాన్ని అరుంధతి గమనించలేదు. గమనించి ఉంటే ఈ వారం కథ కొంత పొట్టిగా ఉండేది.

అసలు బాధ వేరే ఉంది. ఈ ఇంట్లో ఐదేళ్లుగా ఆదివారం భోజనానికి మూడో కంచం అమలదే. హాస్టల్లో డెంగీ జ్వరం వచ్చినప్పుడు పదకొండు రోజులు ముందుగదిలో పడుకోబెట్టి, గంట గంటకూ గంజి తాగించింది అరుంధతి. అంత చేసిన మనిషికి తిట్టే హక్కు ఉంటుందని ఆమె నమ్మకం. కాకినాడలో ఆమె పెరిగిన ఇంట్లో, నాన్నగారు తిడుతుంటే తల వంచుకుని పెదవి కదపకుండా నిలబడాలి. పెదవి సాగిందా, ఇంకో నాలుగు పడేవి. అమల పెదవి సాగింది. నువ్వెవరు నన్ననడానికి అని ఆ పిల్ల మొహం మీదే చెప్పినట్టు అరుంధతికి తోచింది. రెండు రోజులుగా ఆమె మింగలేకపోతున్నది అదే.

"గది ఖాళీ చెయ్యాలి. వెళ్లొస్తాను" అని లేచింది. "పంచదార వేసుకోండి."

తార్నాక చౌరస్తాలో ఆటో ఎక్కి క్యాంపస్‌కి వచ్చేసరికి పదిన్నర దాటింది. చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు చాపలు పరుచుకుని, పుస్తకాలు తెరిచిపెట్టి, ఫోన్లు చూసుకుంటున్నారు. మామూలు రోజుల్లో అయితే ఆటో ఆపి ఒక్కొక్కళ్లకీ నాలుగు మాటలు వడ్డించేది. ఇవాళ ఓపిక లేదు.

డిపార్టుమెంటు తలుపు తీసి ఉంచింది లచ్చమ్మ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ క్యాంపస్‌లో ఊడుస్తున్న మనిషి. భువనగిరి పక్క పల్లె నుంచి వచ్చి అంబర్‌పేట్‌లో స్థిరపడింది. మేడం గది ఖాళీ చేస్తుందని తెలిసి, సెలవు రోజైనా పొద్దున్నే వచ్చి అట్టపెట్టెలు వరసగా పేర్చి పెట్టింది.

"నిన్న అమల వచ్చిపోయిందమ్మా. గీ కట్ట మీ టేబుల్ మీద పెట్టి పొయ్యింది" అంది.

దారంతో కట్టిన కట్ట. నలభై ఫొటోలు, ఏడు మాటల్లోంచి ఒకటి ఎంచుకున్న అరవై మంది జవాబు కాగితాలు, అంటించిన కవరు ఒకటి. ఫొటోలన్నీ ఇక్కడి మనుషులవే. ఒక్కొక్కళ్లనీ తమ బతుకులో నిజంగా జరిగిన సంగతొకటి తలుచుకోమని చెప్పి, ఆ క్షణాన తీసిన మొహాలు. ఎవరు ఏ సంగతి తలుచుకున్నారో ఆ కవర్లో ఉంటుంది. పరిశోధన పూర్తయ్యేదాకా గైడు కూడా అది విప్పకూడదు. ఆ నియమం పెట్టింది అరుంధతే.

కట్టలో మొదటి జవాబు కాగితం కూడా ఆమెదే. రెండేళ్ల కిందట అమల మొట్టమొదటి పరీక్ష ఆమెకే పెట్టింది. అరుంధతి నలభై జవాబులూ పది నిమిషాల్లో రాసి పారేసింది. ప్రపంచంలో ఎక్కడైనా మొహం మొహమే, కోపం కోపమే అన్నది ఆమె ముప్పై నాలుగేళ్లు చెప్పిన పాఠం. పదిహేడో అంకె ఎదురుగా 'ధిక్కారం' అని రాసి, రెండు గీతలు కూడా గీసింది.

ఆమె పదిహేడో ఫొటో వెతికి తీసింది. పాతికేళ్ల అమ్మాయి. పెదవులు సాగి ఉన్నాయి. శుక్రవారం అమల మొహం అచ్చం ఇలాగే ఉంది.

బల్ల తుడుస్తున్న లచ్చమ్మ వంగి చూసింది. "పాపం, తిట్లు తింటున్నది పిల్ల" అంది, బల్ల మీద మరక గురించి చెప్పినంత మామూలుగా.

"నవ్వుతుంటే తిట్లు తినడమేంటి లచ్చమ్మా?"

"నవ్వుడు కాదమ్మా గది. పండ్లు కనవడ్తున్నయా? లెవ్వు. పెదాలు సాగినయ్, గంతే. కండ్లు చూడున్రి, కిందికున్నయ్. ఎవలో పెద్దమనిషి ముంగట నిలవడ్డది."

"పెద్దవాళ్లు తిడుతుంటే పెదాలు సాగదీస్తారా ఎవరైనా?"

"మరేం జెయ్యాలె, ఏడ్వాల్నా?" లచ్చమ్మకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "తిట్టేటోళ్ల ముంగట ఏడిస్తే వాళ్లకు పాపం అంటగట్టినట్టయితదని మా అత్త చెప్తుండె. మొఖం మాడ్చుకుంటే ఎదురు మాట్లాడినట్టు. గందుకే మొఖం గిట్ల పెట్టుకుని నిలవడాలె. నువ్వు నా మంచికే అన్నవ్, నేను మనసుల పెట్టుకోలే, నువ్వు గూడ పెట్టుకోకు అన్నట్టు. అందరి ముంగట గాదమ్మా, మనోళ్లనుకున్నోళ్ల ముంగటనే. పరాయోళ్లు తిడితే మేం గూడ కొట్లాడ్తం."

అరుంధతి కుర్చీలో కూర్చుంది. అమల కథలు రాసుకున్న ముప్పై మంది పెద్దవాళ్లలో లచ్చమ్మ మొదటిదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. పక్కింటి కబుర్లు అని తను తోసిపారేసిన మాటలు ఇవే.

అయినా చదువుకున్న మనిషి కదా, చెప్పగానే నమ్మితే పరువేం కావాలి. రుజువు కావాలి. తను పెట్టిన నియమాన్ని తనే మీరి, జడలోంచి పిన్ను తీసి కవరు చించింది. పదిహేడు దగ్గర అమల గుండ్రటి అక్షరాలు: 'ముషీరాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి. తలుచుకున్న సంగతి: చెప్పకుండా సినిమాకు పోయొస్తే నాయనమ్మ గడప ముందు నిలబెట్టి తిట్టిన తిట్లు.'

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది. ముప్పై నాలుగేళ్ల పాఠం ఒక నాయనమ్మ గడప ముందు చిత్తయిపోయింది. అంతకన్నా ముందు గుండెలో ఒక ముడి విడింది. ఆ పిల్ల నన్ను ధిక్కరించలేదు, నన్ను తన మనిషి అనుకుంది. కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు.

"మీకు యాదికి లేదా అమ్మా, నన్ను గూడ తిట్టిన్రు" అంది లచ్చమ్మ, గుడ్డ పిండుకుంటూ.

"నిన్నా? ఎప్పుడు?"

"ఇరవై రెండేండ్లయితది. కింద పడ్డయ్ గదా అని పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఒకటి చెత్తల ఊడ్చేసిన. మీరు గీ తలుపు కాడ్నే నిలవెట్టి తిట్టిన్రు. నేను గిట్లనే నిలవడ్డ." ఫొటో వైపు చూపించింది. "మల్ల నెల తిరక్కముందే నన్ను లేడీస్ హాస్టల్ బాత్రూములకేసిన్రు. మూడేండ్లు."

ఆ బదిలీకి కారణమైన ఉత్తరం అరుంధతికి గుర్తుంది. తన చేత్తో రాసినదే. 'తప్పు చేసి, మందలిస్తుంటే వెక్కిరింపుగా నవ్వింది' అన్న వాక్యం చాలా బాగా కుదిరిందని అప్పట్లో అనుకుంది కూడా.

"అప్పుడే చెప్పొచ్చు కదా లచ్చమ్మా, అది వెక్కిరింపు కాదని."

"మీరు అడగలే."

"నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? యాడాది దాక రోజు తిట్టుకున్న. మల్ల మీరే నన్ను ఈడికి పిలిపిచ్చుకున్నరు. మా బిడ్డ కాన్పుకు రాత్రంత ఆసుపత్రిల కూసున్నరు. అటెన్క కోపం ఏడికి పొయ్యిందో నాకే తెల్వదు."

అరుంధతి లేచి ఆమె తడి చెయ్యి పట్టుకుంది. "తప్పయింది" అంది. ఆ ఒక్క మాటా ఆమె నోట్లోంచి ఎంత కష్టపడి వస్తుందో కొండలరావుని అడిగితే చెబుతాడు. లచ్చమ్మకు ఏం చెయ్యాలో తోచక, చెయ్యి విడిపించుకుని, తుడిచిన కుర్చీనే మళ్లీ తుడిచింది.

అరుంధతి ఫోన్ తీసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి అమల ఎత్తి, "కిందనే ఉన్న మేడం, వస్తున్న" అంది.

వచ్చింది. చంకలో కొత్తగా బైండింగ్ చేసిన థీసిస్. జనగామ దగ్గర పల్లెలో చర్చి బడిలో చదువు మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చిన పిల్ల, ఎప్పుడూ గలగల మాట్లాడుతూ మెట్లెక్కే పిల్ల, ఇవాళ చప్పుడు లేకుండా గుమ్మంలో నిలబడింది. అరుంధతికి ఆమెను చూడగానే దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ కొత్తగా నేర్చుకున్న విద్యను వెంటనే పరీక్షించాలన్న బుద్ధి ఎక్కడికి పోతుంది. గొంతు పెంచింది.

"ఫోన్ ఎత్తవేం? రెండు రోజులుగా ఎక్కడికి పోయావు? పెద్దదాన్ని, ఏమయ్యానో అని ఒక్కసారైనా అడిగావా?"

ఆ నవ్వు కోసం చూసింది. రాలేదు. అమల తల వంచుకుంది. పెదవులు బిగించింది. కనుబొమలు కూడా కదల్లేదు.

అరుంధతి లచ్చమ్మ వైపు చూసింది. మనోళ్లనుకున్నోళ్ల ముంగటనే అని లచ్చమ్మ ఇప్పుడే కదా చెప్పింది. అంటే తను పరాయిదైపోయిందా? శుక్రవారం ఒక్క మాటతో ఐదేళ్ల ఆదివారాలూ తుడిచిపెట్టుకుపోయాయా? ముప్పై నాలుగేళ్లుగా ఎవరినీ అడగని మాట అప్పుడు అడిగింది.

"అమలా, నీ మొహం చదవడం నాకు రావట్లేదు. ఏమనుకుంటున్నావో నువ్వే చెప్పు."

అమల తలెత్తింది. బిగించిన పెదవులు వణికాయి. "మంచిగ రాలేదా మేడం?"

"ఏది?"

"గీ ఫేస్. నిన్న సాయంత్రం సార్‌కు ఫోన్ చేసిన. మీ ఇండ్లల్ల పెద్దోళ్లు తిడితే ఎట్ల నిలవడాలె అని అడిగిన. తల వంచాలె, పెదాలు కదపొద్దు అన్నరు సార్. హాస్టల్ల అద్దం ముంగట గంట సేపు ప్రాక్టీస్ చేసిన. నా రూమ్మేట్ భయపడ్డది."

పంచదార లేని కాఫీ గురించి చెబుతూ కొండలరావు ఆగిపోయిన చోటు అప్పుడు అర్థమైంది అరుంధతికి. ఇంటికెళ్లాక ఆయన సంగతి చూడాలనుకుంది. ముందు అమలను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "ఆ మొహం నీకు నప్పలేదు. తీసెయ్" అంది. అమల ఆమె భుజం మీద ముక్కు చీదుకుంది. తిట్టేవాళ్ల ముందు ఏడవకూడదు గానీ, తిట్టడం మానేసినవాళ్ల ముందు ఏడవచ్చు కాబోలు.

"దా, సంతకం పెడతాను."

అరుంధతి పెన్ను మూత తీసి, థీసిస్ తెరిచి, అలవాటుగా పేజీలు తిప్పింది. మూడో అధ్యాయం అయిపోగానే ముగింపు వచ్చింది. వెనక్కి తిప్పి చూసింది.

"నాలుగో అధ్యాయం ఏది?"

"తీసేసిన మేడం. మీరు వద్దన్నరు కద."

"ఇప్పుడు కావాలంటున్నాను. అది తీసేస్తే ఇందులో మిగిలింది ముప్పై నాలుగేళ్లుగా నేను చెప్పిన పాఠమే. నా మాటకు నేనే సంతకం పెట్టుకోవడానికి నీ ఐదేళ్లెందుకు?" అరుంధతి పెన్ను కింద పెట్టింది. "ఈ పుస్తకంలో నిజం చెప్పింది ఆ ముప్పై మందే. వాళ్లు లేకుండా దీని మీద నా పేరు పడదు."

అమల మొహం వెలిగింది. ఆ వెలుగు చదవడానికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు. "ఫైల్ కంప్యూటర్ల ఉన్నది మేడం. గంటల ప్రింట్ తీస్త, పొద్దుగాల బైండింగ్‌కు ఇస్త."

"మరి నోటుబుక్కులు? అసలు జవాబులు చూపించకపోతే ఆ అధ్యాయం ఎవరు నమ్ముతారు? ఎగ్జామినర్లు మొదట అడిగేది అవే. రికార్డింగ్ పెడితే పెద్దవాళ్లు నోరు విప్పలేదని, అంతా చేత్తోనే రాశానని నువ్వే చెప్పావు. ఎక్కడున్నాయి?"

అమల కళ్లు నేలకు దిగాయి. పెదవులు మెల్లగా సాగాయి. పళ్లు కనబడలేదు.

ఈసారి కవరు విప్పాల్సిన పని లేకపోయింది. అరుంధతి జీవితంలో మొదటిసారి ఆ మొహాన్ని సరిగ్గా చదివింది. చదివి, బల్ల అంచు పట్టుకుంది.

"వేసేశావా?"

"మీరు వేసి రమ్మన్నరు మేడం. రెండు దినాలు చేతులు రాలే. ఇయ్యాల పొద్దుగాల ఎనిమిదింటికి వేసొచ్చిన. అంబర్‌పేట్ల."

లచ్చమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "నీలం రేకుల షెడ్డా? మా గల్లి ముంగటిది?"

అమల తలూపింది.

"వాడు ఆదివారం పన్నెండు గొట్టంగ లారీ నింపుతడు బిడ్డా. పేపరు మిల్లుకు పోతది."

ముగ్గురూ గోడ గడియారం వైపు చూశారు. పదకొండు ఇరవై ఐదు. ముప్పై మంది ముసలివాళ్ల మాటలు, ఐదు నోటుబుక్కులు, ఒక పిల్ల ఐదేళ్లు నీలం రేకుల కింద పాత పేపర్ల మధ్య ఉన్నాయి. అక్కడికి పంపింది అమల కాదు, ఒక గైడు నోటి దురుసు. ఇరవై రెండేళ్ల కిందట ఒక కట్ట కాగితాలు చెత్తలో వేసినందుకు లచ్చమ్మకు మూడేళ్ల శిక్ష పడింది. ఇవాళ అరుంధతికి శిక్ష వేసేవాళ్లెవరూ లేరు. చెయ్యి ఎత్తి అమల భుజం తడదామనుకుంది, చెయ్యి లేవలేదు. ఆ పిల్ల కళ్లలోకి చూడలేక చూపు దించేసుకుంది.

తన పెదవులు సాగాయని ఆమెకు తెలియదు. అమల చూసింది. లచ్చమ్మ కూడా చూసింది. గుడ్డ కిటికీ మీద పడేసి, తాళంచెవులు నడుముకు దోపుకుని, చెప్పులు తెచ్చి మేడం కాళ్ల ముందు పెట్టింది.

"గిట్ల మొఖం పెట్టుకుని నిలవడ్డది చాలమ్మా, మిమ్మల్ని ఎవలు తిడ్తలేరు" అంది. "నడువున్రి, లారీ ఆగదు."